బరువు మోసేవారి ధర్మం

పరుల సరుకును మోసేవాడు దారి పొడవునా పరుల ప్రాణాలనూ మోస్తున్నాడన్న సత్యం మానవులెరుగనిది కాదు. గమ్యం చేరాలన్న ఆతురతలో అది మరుగున పడుతుంది. ఆళ్లగడ్డ శిల్పుల ఉలి కింద రూపుదాల్చిన రాతి విగ్రహాలనో, నంద్యాల సీమ ధాన్యపు బస్తాలనో ఎత్తుకొని నల్లమల ఘాట్‌లో గిద్దలూరు వైపు సాగే పాత పికప్ వాహనానికి, కదిలే బలం కన్న నిలిచే బలమే ప్రధానం.

వెనుక చక్రాల బ్రేకు డ్రమ్ములను తొలగించి డిస్కులు అమర్చుకోవాలన్న కోరిక దోషం కాదు. ఒక అంగాన్ని మార్చి, తక్కినవి తమంతట తామే సర్దుకుంటాయని నమ్మడమే దోషం. మార్పు తరువాత పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంటే మొదట డిస్కును ఒత్తిపట్టే కాలిపర్లను పరికించాలి. కుడివైపుది ఎడమకు, ఎడమవైపుది కుడికి బిగిస్తే గాలి తీసే నిపుల్ అడుగున పడుతుంది. పైన చిక్కుకున్న గాలి ఎంత శ్రమించినా వెలుపలికి రాదు. అది సవ్యంగా ఉన్నా పెడల్ దిగుతున్నదంటే, పాత మాస్టర్ సిలిండర్ కాలిపర్ పిస్టన్లకు చాలినంత బ్రేకు ఆయిల్ అందించలేకపోతున్నదేమో విచారించాలి. పెడల్ వదిలినా చక్రాలు పట్టేసి వేడెక్కుతుంటే, డ్రమ్ముల కోసం గొట్టంలో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడిని నిలిపి ఉంచే వాల్వు ఇంకా మిగిలి ఉన్నదేమో వెదకాలి. డ్రమ్ముకు హితమైన ఆ ఒత్తిడి డిస్కుకు అహితం.

లోహం అరిగిపోతుంది, రబ్బరు బీటలు వారుతుంది, మూసి ఉంచిన ఆయిల్ సైతం కాలవశమై తేమను గ్రహిస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల వరకు మరగక నిలిచే డాట్ 3 ఆయిల్, తేమ చేరిన పిదప 140 డిగ్రీలకే మరగవచ్చు. అట్లు మరిగి ఆవిరైన క్షణాన, దీర్ఘమైన దిగుడులో, పాదం కింద ఏ ఆధారమూ మిగలదు. నిన్న ఆగింది గనుక నేడూ ఆగుతుందనుకోవడం అనిత్యమైన దానిని నిత్యమని భ్రమించడమే.

ఖాళీ బండికి మరొక గండం ఉన్నది. బ్రేకు వేయగానే భారం ముందుకు ఒరిగి వెనుక చక్రాలు తేలికవుతాయి. అక్కడ పట్టు మితిమీరితే అవి ముందే బిగుసుకొని బండి అడ్డం తిరుగుతుంది. కావున బరువును బట్టి వెనుక ఒత్తిడిని నియమించే వాల్వును ఊడదీయరాదు. తయారీదారు చెప్పిన కొలత తప్పనీయరాదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు, తయారీదారు నిర్దేశానికి పొసగని మార్పులను 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సైతం వారించింది.

జనసంచారం లేని చదును నేలపై, మందవేగంతో, ముందు ఖాళీగా, పిదప బరువుతో పరీక్షించాలి. వాలుపై హ్యాండ్ బ్రేక్ ఒక్కటే నిండు బండిని నిలుపుతున్నదో లేదో చూడాలి. ఇవన్నీ తీరేవరకు, ఎంతటి బాడుగ పిలిచినా, ఆ బండిని అహోబిల యాత్రికులు నడిచే బాట మీదికి తేరాదు.