ఆశయు వాగ్దానమును

నిరాశ చెందినవారందరును మోసపోయినవారు కారు. అయినను మన నిత్యవ్యవహారములో ఈ రెండు స్థితులను వేరుచేసి చూచుట అరుదు. "నేను అనుకొన్నట్లు లేదు" అని యొకరు, "వారు చెప్పినట్లు లేదు" అని వేరొకరు అందురు. వినువానికి రెండును ఒకే మాటగా తోచును. కాని మొదటిది చెప్పువాని మనస్సును గూర్చిన వార్త; రెండవది ఎదుటివానిపై మోపిన నేరము. వార్తకు సానుభూతి చాలును; నేరమునకు సాక్ష్యము కావలయును. వియ్యంకుల నడుమను, వర్తకుల నడుమను, తలిదండ్రులకును బిడ్డలకును నడుమను పుట్టు వివాదములలో అనేకము ఈ రెంటిని కలగలుపుటవలననే పెరుగుచున్నవి.

ఇట్టి ప్రశ్నను విచారించుటకు ఒక రాక్షసమృగపు చలనచిత్రమును ఉదాహరణముగా గైకొనుట కొందరు పెద్దలకు వింతగా తోచవచ్చును. కాని ధర్మసూక్ష్మము చిన్న విషయములలోనే తేటగా కనబడును. ఏలయన, అచట మన స్వార్థము అంత బలముగా అడ్డురాదు. మన యిండ్లలోని పిల్లలు ఇట్టి చిత్రములను గూర్చి ఎంత పట్టుదలతో వాదించుకొందురో ఎరిగినవారు ఆ వాదమును వట్టి కాలక్షేపమని త్రోసివేయజాలరు.

2014 మే నెలలో "గాడ్జిల్లా" అను అమెరికా చిత్రము విడుదలయ్యెను. దర్శకుడు గారెత్ ఎడ్వర్డ్స్ అను ఆంగ్లేయుడు; 2010లో "మాన్‌స్టర్స్" అను చిన్న చిత్రమును స్వల్పవ్యయముతో నిర్మించి పేరొందినవాడు. క్రొత్త చిత్రమునకైన వ్యయము సుమారు 16 కోట్ల డాలర్లు. ప్రపంచమంతట వసూలైనది 50 కోట్ల డాలర్లకు పైమాట. లెక్కల పుస్తకము ప్రకారము అది విజయమే. అయినను చూచివచ్చిన అభిమానులు రెండు పక్షములుగా చీలిరి. ఆ వాదము నేటికిని పూర్తిగా చల్లారలేదు.

మొదటి పక్షమువారి ఫిర్యాదు ఇది. రెండు గంటలకు పైబడిన చిత్రములో ఆ మృగము పూర్ణరూపముతో దర్శనమిచ్చుటకు దాదాపు ఒక గంట పట్టును. కొందరు గడియారము పట్టి లెక్కించి, మొత్తముమీద అది తెరపై నిలుచునది పది నిమిషములకు అటునిటుగా మాత్రమేనని తేల్చిరి. హొనొలులు విమానాశ్రయమున అది ప్రత్యర్థియగు మృగము నెదుర్కొని గర్జించును. యుద్ధ మారంభమగునంతలో దృశ్యము మారిపోయి, ఎక్కడనో ఒక యింటిలో ఒక బాలుడు టెలివిజనులో ఆ యుద్ధపు తునుకలను చూచుచుండుట కనబడును. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున మరల తలపడునప్పుడు జనులు తలదాచుకొనుచోటి తలుపులు మూతపడి మన చూపును గూడ మూసివేయును. "విందునకు పిలిచి, విస్తరి వేసి, వడ్డించబోయి గిన్నె వెనుకకు తీసికొనిపోవుట యేమి మర్యాద?" అన్నట్లుండెను వారి కోపము.

రెండవ పక్షమువారు దాచుటయే కళ యందురు. 1975లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన "జాస్" చిత్రములో సొరచేప చాలసేపటివరకు కనబడదు. యంత్రపు సొరచేప ఉప్పునీటిలో మాటిమాటికి చెడిపోవుటచే దానిని దాచవలసివచ్చెను. ఆ దాపరికమే భయమును ఇనుమడింపజేసెను. 1954 నాటి జపాను మూలచిత్రములో సైతము మృగము కనబడు కాలము తక్కువయే. చివరకు పొగ క్రమ్మిన నగరమధ్యమున దాని వెన్నుపలకలు ఒకటొకటిగా వెలిగి, నోట నీలిజ్వాల వెడలునప్పటి పులకింత అంతవరకు ఓపిక పట్టినవారికే దక్కునని వీరి వాదము.

ఇరుపక్షములును "చిత్రము ఎదురుచూచినట్లున్నదా, లేదా?" అనుచోటనే నిలిచిపోయినవి. ఎదురుచూపు ఎవనిది? ఎచ్చటనుండి వచ్చినది? ఈ ప్రశ్న నడుగనిదే తీర్పు పొసగదు.

ఎదురుచూపునకు మూడు మూలములు కలవు. ఒకటి పేరు, రెండవది ప్రచారము, మూడవది మన జ్ఞాపకము. ఇందు మొదటి రెంటిని నిర్మాత తన చేతితో చేసినాడు కనుక అవి వాగ్దానములు. మూడవది మనము కట్టుకొన్న మేడ. దానికి నిర్మాత పూచీపడలేదు.

పేరు ఎట్లు వాగ్దానమగునో చూడుడు. 1954 మార్చి 1వ తేదీన పసిఫిక్ సముద్రమందలి బికినీ దీవులలో అమెరికావారు ఉదజని బాంబును పరీక్షించిరి. ఆ విషధూళి "అయిదవ లక్కీ డ్రాగన్" అను జపాను చేపలపడవపై రాలెను. అందలి 23 మంది పల్లెవారును వ్యాధిగ్రస్తులైరి. రేడియో పనిచేయువాడు ఆ సెప్టెంబరులో మరణించెను. హిరోషిమా, నాగసాకి నగరములు దగ్ధమై అప్పటికి తొమ్మిదేండ్లే. ఆ యేడే నవంబరు 3వ తేదీన తోహో సంస్థవారు "గొజీరా" చిత్రమును విడుదలచేసిరి. దర్శకుడు ఇషిరో హోండా; మాయాదృశ్యముల కల్పన ఏజీ త్సుబురాయాది. రబ్బరు తొడుగు ధరించిన మనుష్యుడు బొమ్మనగరమును త్రొక్కుట చూచి నేటివారు నవ్వవచ్చును. కాని నాటి జపానువారు ఆ తెరపై చూచినది తమ మండిన వీధులను, ఆసుపత్రులలో మూల్గు బిడ్డలను. తుదకు సెరిజావా అను శాస్త్రజ్ఞుడు తాను కనుగొన్న ఘోరసాధనముతో మృగమును చంపి, ఆ రహస్యము వేరొకరి చేతిలో పడకుండుటకై తానును సముద్రగర్భమున ప్రాణము విడుచును. "గొజీరా" యను పేరు నాడు చేసిన వాగ్దానము వినోదము మాత్రమే కాదు. మనుష్యుడు తన చేతులతో లేపిన వినాశము ముందు మనుష్యుని ఆయుధములు పనికిరావను ఎచ్చరిక.

ఆ పేరును 1998లో హాలీవుడ్డువారు పెట్టుకొని, రోలండ్ ఎమ్మెరిచ్ దర్శకత్వమున చిత్రమును తీసిరి. అందలి మృగము పెద్ద తొండవంటిది. సేనల కాల్పులకు పరుగులెత్తి, వంతెన తీగలలో చిక్కుకొని, విమానముల క్షిపణులకు చచ్చును. ఆయుధములకు లొంగని పేరుపెట్టి ఆయుధములకు లొంగు ప్రాణిని చూపుట పేరునకు ద్రోహమని అభిమానులు మొరవెట్టిరి. వీరి మొర కేవలము ఆశాభంగము కాదు. పేరు అప్పుగా తెచ్చుకొన్నవాడు ఆ పేరులోని అర్థమునకును బాధ్యుడు. తోహోవారు సైతము 2004 నాటి తమ చిత్రములో ఆ అమెరికా మృగమునకు "జిల్లా" అని కత్తిరించిన పేరు పెట్టి, తమ గొజీరా చేత దానిని క్షణములలో చంపించి, తీర్పు చెప్పిరి.

ఇప్పుడు 2014 నాటి చిత్రమును ఈ త్రాసులో తూచి చూతము. పేరు విషయమున అది మాట నిలుపుకొన్నది. మృగము మహోన్నతము, ఆయుధములకు అతీతము, మనుష్యుల యెడ ఉదాసీనము. ప్రచార ఖండికల విషయమున సగము నిలుపుకొన్నది. వానిలో చూపినది శిథిలనగరములు, ధూళిలో లీలగా తోచు వెన్ను, మేఘములలోనుండి ఎఱ్ఱని పొగచారలతో దుముకు సైనికులు. అనగా భయమును, ఘనతను వాగ్దానము చేసిరి గాని ఎడతెగని మల్లయుద్ధమును వాగ్దానము చేయలేదు. ఆ మల్లయుద్ధము 1960 దశకము మొదలుకొని వచ్చిన పాతచిత్రములను చూచి అభిమానులు తమ తలపులలో పెంచుకొన్నది. కావున మృగము కొలదిసేపే కనబడినదను పెద్ద కేక న్యాయస్థానములో నిలువదు. కాని అవే ప్రచార ఖండికలలో బ్రయన్ క్రాన్‌స్టన్ అను నటుని కన్నీళ్ళను, గద్గదస్వరమును ముందునిలిపి, కథ అంతయు ఆ తండ్రి దుఃఖము చుట్టు తిరుగునని నమ్మించిరి. చిత్రములో ఆ పాత్ర సగమైనను రాకముందే మరణించును. ఇది మాట తప్పుట. గట్టిగా వినిపించిన ఫిర్యాదు బలహీనమైనది; మెల్లగా వినిపించిన ఫిర్యాదు బలమైనది. లోకవివాదములలో ఇట్లు జరుగుట ఇది మొదటిసారి కాదు.

ఈ విషయమున మన ఆలంకారికులు చేసిన విచారణ స్మరింపదగినది. నాట్యశాస్త్రమునకు "అభినవభారతి" యను వ్యాఖ్య రచించిన అభినవగుప్తుడు రసాస్వాదమునకు ఏడు విఘ్నములను పేర్కొనెను. వానిలో కొన్ని కర్త దోషములు: చెప్పదలచినది స్ఫుటముగా లేకపోవుట, ప్రధానము కావలసినది అప్రధానమైపోవుట మున్నగునవి. మొదటి పక్షమువారి ఫిర్యాదుకు ఇందు కొంత ఆధారము దొరకును. దాచుట వేరు, తలుపు మూయుట వేరు. కాని మరియొక విఘ్నము ప్రేక్షకునిది: తన సొంత సుఖదుఃఖములకు వశుడై కూర్చుండుట. ఏండ్ల తరబడి మనస్సులో వేరొక చిత్రమును గీసికొని వచ్చినవాడు తెరపైనున్నదానిని చూడడు. తన చిత్రముతో దానికి గల తేడాలనే చూచును. సహృదయుడనగా కోరికలు లేనివాడు కాడు. కోరికను కొంతసేపు ప్రక్కకు జరిపి కూర్చుండగలవాడు.

కోరిక ఎంత నమ్మదగనిదో తరువాతి చరిత్రయే చాటెను. 2019లో వచ్చిన అనంతరచిత్రమున మైకేల్ డౌగర్టీ అభిమానుల మొర ఆలకించినట్లు మృగములను ధారాళముగా వడ్డించెను. మోత్రా, రోడన్, మూడు తలల గిడోరా అందరును వచ్చిరి. ఫలితమేమి? విమర్శకులనేకులు "యుద్ధములు మితిమీరినవి, మనుష్యుల కథ పలచబడినది" అనిరి. వసూళ్ళును మునుపటిదానికంటె తగ్గెను. పిమ్మట 2023 నవంబరు 3వ తేదీన, మూలచిత్రము వచ్చిన తిథినాడే, జపానులో తకాషి యమజాకి "గాడ్జిల్లా మైనస్ వన్" చిత్రమును విడుదలచేసెను. హాలీవుడ్డు లెక్కలో అతి స్వల్పవ్యయము. అందును మృగము కనబడు కాలము ఎక్కువేమి కాదు. అయినను యుద్ధమున బ్రతికి బయటపడినందుకు సిగ్గుపడు ఒక వైమానికుని కథలో ఆ మృగము ప్రాణభయమునకును ప్రాణేచ్ఛకును నడుమ నిలిచెను. 2024 మార్చిలో దృశ్యమాయకై ఆస్కారు బహుమానము దానికి లభించెను. అభిమానులు నిజముగా కోరినది నిమిషముల సంఖ్య కాదనియు, అర్థమనియు దీనివలన తేలుచున్నది. కాని తమ కోరికను వారు నిమిషముల భాషలోనే చెప్పగలిగిరి. కోరువానికి తన కోరిక తెలియుననుట భ్రమ.

"మేము రొక్కమిచ్చి టిక్కెట్టు కొన్నాము, మెచ్చుటయో తిట్టుటయో మా హక్కు" అని ఒక ఆక్షేపము వచ్చును. హక్కు లేదనుట లేదు. "నాకు నచ్చలేదు" అనుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. కాని "నన్ను మోసగించినారు" అనుమాటకు టిక్కెట్టు చాలదు. చేసిన వాగ్దానమును, తప్పిన మాటను రెంటిని చూపవలయును. అట్లే నిర్మాతయు, "మీరు అతిగా ఆశించితిరి" అని చేతులు దులుపుకొనుటకు వీలులేదు. ఆశను పెంచి సొమ్ముచేసికొనువాడు ఆ ఆశలో తాను పోసిన నీటిపాలుకు బాధ్యుడే.

ఈ వివేకము చిత్రశాలతో ముగిసిపోవునది కాదు. ఈ సంచికను చదువు కుటుంబములలో పెక్కింటి పూర్వులు తరతరముల క్రిందటనే చెన్నై, బెంగుళూరు, బరంపురము, షోలాపురము వంటిచోట్ల స్థిరపడినవారు. బడిలో వేరొక భాష నేర్చిన మనుమని చూచి, "వీని తెలుగు మా తెలుగువలె లేదు" అని తాత నొచ్చుకొనుట మన యిండ్లలో వినబడు మాటయే. ఆ నొప్పి నిజమైనదే; కాని అది ఆశాభంగము. పసివాడు ఎవరికిని మాట యిచ్చి పుట్టలేదు. వాడు తన యాసలో "తాతయ్యా" అని పిలిచినప్పుడు తేడాను లెక్కించుటకంటె ఆ పిలుపును వినుట మేలు. తెలుగు పేరు పెట్టుకొని సభ్యత్వపు చందా గైకొను సమాజము సంగతి వేరు. పేరు పెట్టుకొన్నది కనుక అది మాట యిచ్చినది. పిల్లలకు అక్షరాభ్యాసపు తరగతి, పుస్తకముల బీరువా, సంవత్సరమున కొక నాటకము నైనను లేకున్న దానిని నిలదీయుట సభ్యుల ధర్మము. మనము తరచుగా దీనికి వ్యతిరేకముగా చేయుదుము: పసివానిని మందలించి, సమాజమును క్షమింతుము.

కావున ఎదురుచూపు తీరనప్పుడెల్ల మన నోట ముందుగా రావలసినది తీర్పు కాదు, ప్రశ్న: "ఇది వారు చెప్పినదా, నేను అనుకొన్నదా?" వారు చెప్పినదే యైనచో వెనుదీయక అడుగవలయును, అది న్యాయము. మనము అనుకొన్నదే యైనచో మరియొకసారి కన్నులు తెరచి చూడవలయును, అది సహృదయత. మృగము తెరపై ఎన్ని నిమిషములు నిలిచినదని తగవులాడుకొను పిల్లలకు ఈ భేదము నేర్పగలిగితిమేని, ఆ తగవు వ్యర్థము కాదు.