క్రొత్త యింటి పిట్టగోడ

క్రొత్త యిల్లు కట్టువాడు దాని పైకప్పునకు పిట్టగోడ పెట్టవలెననియు, లేనియెడల పడినవాని రక్తదోషము ఆ యింటిమీదికి వచ్చుననియు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము బోధించుచున్నది. ఎవరు మేడ యెక్కుదురో తెలియకమునుపే వారి క్షేమమును తలంచుమని దాని భావము.

మొన్న మన సంఘస్థుల యింట ఈ వచనము మాకు జ్ఞాపకము వచ్చెను. కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచు ఊరిలో తల్లిదండ్రులకు రెండంతస్తుల యిల్లు కట్టించుచున్నాడు. స్లాబు పడినది గాని గోడలకు ఇంకను ప్లాస్టరింగు కాలేదు. అతడొక కాగితము మా చేతికిచ్చెను. బల్బులు, ఫ్యానులు, తలుపు తాళము, కెమెరాలు, నీళ్ల మోటారు, అన్నియు కలిపి 80కి పైగా వస్తువులు తీగ లేకుండ ఒకదానితో నొకటి మాటలాడవలెనట. పాస్టరుకు ఈ లెక్కలేల యని మొదట అనుకొంటిమి.

అతడు ఓపికతో వివరించెను. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగము దూరము పోవును. 5 గిగాహెర్ట్జ్‌ది వేగమైనది గాని గోడలు దాటుటలో బలహీనము. ఇనుపచువ్వల స్లాబు రెంటికిని అడ్డే. కనుక అంతస్తునకొక పెట్టె పెట్టి, వాటి నడుమ తీగకు ఇప్పుడే గోడలో పైపు వేయవలెను. చిన్న వస్తువులకు జిగ్‌బీ అను వేరొక పద్ధతి కలదు. అందులో ఎల్లప్పుడు కరెంటున్న బల్బులు, చేతినుండి చేతికి బిందె అందించినట్లు, కబురును ముందుకు అందించును. గోడ స్విచ్చి ఆర్పితిమా, ఆ బల్బును, దానిని నమ్ముకొన్నవియు మూగబోవచ్చును.

“అమ్మ స్విచ్చిలు ముట్టుకోకూడదు, అయ్యగారూ” అనెను. తల్లి అక్కడనే యున్నది. “ఏరా, నా యింట్లో దీపం ఆర్పుకోవడానికి నేనెవరి సెలవు అడగాలి?” అని అడిగెను. మాకు ఆమె మాటయే న్యాయమని తోచెను. బల్బునకు బదులు స్విచ్చి వెనుక పెట్టెలోనే ఆ పరికరము అమర్చవచ్చును. అప్పుడు ఫోనును పని చేయును, చేతివ్రేలును పని చేయును. అందుకు ప్రతి స్విచ్చి పెట్టెకు న్యూట్రల్ తీగ తేవలెను. ప్లాస్టరింగు అయిన తరువాత అది తెచ్చుట యెంత ఖర్చో మేస్త్రీలకు తెలియును.

2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము ఇండ్లలోని కెమెరాలలోను రౌటర్లలోను చొరబడెను. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డును యజమానులు మార్చకుండుటయే దానికి ద్వారము. ఆ సంవత్సరము అక్టోబరు 21న అట్టి వేలకొలది పెట్టెలు ఒక్కసారిగా దాడిచేయగా, అమెరికాలో పేరుగల సైట్లు గంటలకొలది అందకపోయెను. తమ కెమెరా ఎవరికో కీడు చేయుచున్నదని ఆ యింటివారు ఎరుగరు. పిట్టగోడ లేని మేడ ఇదియే గదా! పాస్‌వర్డు మార్చుట, కెమెరాలను వేరొక నెట్‌వర్కులో ఉంచుట పెద్ద ఖర్చు కాదు.

హాలులో కెమెరా సంగతి మాత్రము తేలలేదు. తండ్రి ఒకమారు జారిపడెను; కుమారుని భయము కల్ల కాదు. అయితే తల్లి తల విరబోసికొని కూర్చుండు చోటును, పనిమనిషి అన్నము తిను చోటును అదియే. ఆ పనిమనిషిని ఎవరును అడుగలేదు. బొమ్మ తీయకుండ కదలికను మాత్రమే కనిపెట్టు చిన్న పరికరమున్నది; ప్రొద్దెక్కినను ఇంట అలికిడి లేకున్న అది ఫోనుకు కబురంపును. అది చాలునని మేము చెప్పితిమి.

నిన్న ఆ దారిని పోవుచు చూచితిమి. న్యూట్రల్ తీగలు వచ్చినవి. హాలు మూల కెమెరాకని వేసిన పైపు ఖాళీగానే యున్నది. తండ్రి సరే యనెనట. తల్లి ఇంకను ఏమియు అనలేదు.