అటక మీది బూజుకు బాధ్యులెవరు?

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పాత చెక్క ఇల్లు కొన్నవారు చలికాలంలో అటక ఎక్కితే, కప్పు పలకల అడుగున నల్లటి బూజు, మేకుల కొసల మీద మంచు పొర కనిపించవచ్చు. కప్పు కారుతోందని కంగారు పడతారు. కానీ చాలాసార్లు అది వాననీరు కాదు. వంటింట్లో, స్నానాల గదిలో పుట్టిన ఆవిరి సీలింగ్ సందుల్లోంచి పైకి పోయి, చల్లటి పలకకు తగిలి నీరవుతుంది. కట్టిన రోజుల్లో ఆ ఇళ్లకు ఇన్సులేషన్ లేదు. వేడి వృథాగా పోయేది, చెక్క మాత్రం ఆరిపోయేది. 1973 చమురు సంక్షోభం తర్వాత చాలా ఇళ్ల అటకల్లో ఫైబర్‌గ్లాస్ పరిచారు. సందులు మూయకుండా, చూరు కింద గాలి వచ్చే కంతలకు అడ్డంగా దాన్ని నెట్టిన చోట చెమ్మ లోపలే నిలిచిపోయింది. పరిచినవారిది దురుద్దేశం కాదు, ఇప్పుడు ఉంటున్నవారు చేసిందేమీ లేదు. తప్పు చేయనివారికి బాధ్యత ఎక్కడి నుంచి వస్తుంది?

బైబిల్లోని లేవీయకాండం 14వ అధ్యాయం ఈ ప్రశ్నకు చాలా దగ్గరగా వస్తుంది. ఇంటి గోడల మీద పచ్చగానో ఎర్రగానో పొడ కనిపిస్తే యజమాని తానే వెళ్లి యాజకుడికి చెప్పాలి. యాజకుడు రాకముందే సామానంతా బయట పెట్టిస్తారు, లేకపోతే అదీ అపవిత్రమవుతుంది. ఎంత దయగల నియమం! ఇల్లు ఏడు రోజులు మూసి మళ్లీ చూస్తారు. పొడ పాకితే ఆ రాళ్లు ఊడదీసి, గోడలు గీకి, కొత్త రాళ్లు పెట్టి పూత పూస్తారు. అప్పటికీ తిరిగి వస్తే ఇల్లు కూల్చేస్తారు. నయమైతే ప్రాయశ్చిత్తం జరిగేది ఇంటి కోసం. యజమాని పాపం ఒప్పుకోవాలన్న మాట ఆ విధిలో లేదు.

ఆ పొడను పంపేది తానేనని దేవుడే అక్కడ అంటాడు కదా, అది శిక్ష కాదా అని అడగవచ్చు. యూదు పండితులు కొందరు దాన్ని పిసినారితనానికి ముడిపెట్టారు కూడా. అలాంటి ఇల్లు ఎన్నడూ లేదన్న అభిప్రాయమూ వారి గ్రంథమైన తాల్ముద్‌లో ఉంది. ఇది శౌచవిధి, ఆరోగ్యశాస్త్రం కాదన్న అభ్యంతరం పూర్తిగా సరైనదే. నేను అందులో వెతుకుతున్నది బూజుకు మందు కాదు, బాధ్యత ఎవరి మీద పెట్టారన్నది. కారణం ఎవరైనా, చూసినవాడే కబురు చెప్పాలి, ఉంటున్నవాడే బాగుచేయించాలి. ఇంట్లో పిల్లలు పీల్చే గాలికి గతంలో ఎవరు పొరపడ్డారన్న లెక్కతో పనిలేదు.

కాబట్టి బూజు మీద రంగు పూసి ఇల్లు అమ్మేయడం అన్యాయం. ముందు సీలింగ్ సందులు మూయించండి, స్నానాల గది ఫ్యాన్ గొట్టాన్ని అటకలోకి కాక ఇంటి బయటికి తీయించండి, చూరు కంతలు తెరిపించండి. ఇన్సులేషన్ పెంచడం ఆ తర్వాతే.