వెన్నెల పట్టే కన్ను

కర్నూలు సీమ నుంచి కడప వైపు సాగే నల్లమలలో మూడు రకాల తేనెటీగలు కాపురముంటాయి. చిన్నది పొద కొమ్మకు ఒక్కటే చిన్న పట్టు పెడుతుంది. నడిమిది చెట్టు తొర్రలో వరుసగా పట్లు కట్టుకుని దాగుతుంది. పెద్దదాని పట్టు కొండచరియకు ఆరుబయటే వేలాడుతుంది. చెంచులు తాళ్లతో దిగి, పొగబెట్టి తేనె తీసేది దాని నుంచే. మూడూ ఒకే ప్రజాతి. చూపు మాత్రం మూడింటిదీ మూడు తీర్లు.

చిన్నవి రెండూ పొద్దు గుంకితే పని చాలిస్తాయి. పెద్దది సగం చంద్రుడున్నా పూల కోసం బయలుదేరుతుంది. హేమా సోమనాథన్, రెనీ బోర్జెస్, ఎరిక్ వారంట్, ఆల్ముట్ కెల్బర్ మొదలైన పరిశోధకులు ఈ మూడింటి కళ్లనూ ఐరోపా తేనెటీగ కళ్లతో పోల్చి 2009లో ఫలితాలు ప్రకటించారు. వెలుగును పట్టే శక్తి పెద్ద ఈగ కంటికే ఎక్కువ. సన్నని వివరాలను విడదీసే శక్తి దానికే తక్కువ. వెడల్పు మూతి పాత్రలో వాన ఎక్కువ పడ్డట్టు, కంటిలోని ఒక్కో గొట్టం ఎంత విశాలమైన మేర నుంచి కాంతిని తీసుకుంటే అంత వెలుగు చేరుతుంది. ఆ మేరకు బొమ్మ మసకబారుతుంది. అన్నిటికన్నా చిన్న ఈగ లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. పెద్దదానికి నడినెత్తిన ఉండే మూడు చిరుకళ్లు కూడా పెద్దవే.

విడదీసి చూడడమే జ్ఞానమని మనకు గట్టి నమ్మకం. పట్టపగటికి అది చాలు. దుఃఖం కమ్మినప్పుడు ఆ చూపు నిలవదు. ఇది నాది, అది వాడిదన్న గీతలు కొన్ని చెరిగితే తప్ప, అడుగు వేయడానికి చాలినంత వెలుగు లోపలికి రాదు. భక్తుడికి లోకపు వివరాలు మసకబారితే దాన్ని లోపమనడం అన్యాయమని నేను నమ్ముతాను. హిరణ్యకశిపుడు వరం అడిగినప్పుడు లోకాన్ని పగలూ రాత్రీ, లోపలా బయటా అని నిక్కచ్చిగా కోసి పెట్టాడు. ఆ కోతల నడుమ, సంధ్యవేళ, గడప మీద అతణ్ణి వధించిన నరసింహుడు వెలసిన అహోబిలం ఈ నల్లమలలోనే ఉంది.

పరిశోధకులు మరో మాట కూడా చెప్పారు, నాకు అదే ముఖ్యం. చీకటి రాత్రి ఎగిరే ఒక జాతి కొయ్య తుమ్మెద కంటితో పోలిస్తే పెద్ద ఈగ కన్ను చాలా వెనకబడే ఉంది. కంటి నిర్మాణంలోని తేడా ఒక్కటే దాని రాత్రి ప్రయాణానికి కారణంగా సరిపోదు. కంటి వెనుక నాడుల్లో ఇంకేదో ఏర్పాటు ఉండవచ్చని వారి ఊహ. కేనోపనిషత్తు కంటికి కన్నైనదాని గురించి చెబుతుంది. నాడులే అదని నేననను. కన్నులాగే నాడులూ కొలతకు అందేవే. కొలిచేవాడిలో చూస్తున్నది ఎవరన్న ప్రశ్నను ఉపనిషత్తు అక్కడి నుంచే మొదలుపెడుతుంది.