అధికారము – అర్హత

అధికారమను మాటకు మన భాషలో రెండర్థములు కలవు. ఒకటి ఏలుబడి, రెండవది అర్హత. ఏలుబడి పుట్టుకచే రావచ్చును. అర్హత ఆచరణముచేతనే సిద్ధించును. ఈ రెండును ఒకచోట లేనప్పుడు పీఠమును విడుచువాని ధర్మమేమి? దానిని అందుకొనదగినవారెవరు? మన కాకతీయ చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది.

గణపతిదేవుడు 1199 నుండి ఆరు దశాబ్దములకు పైగా రాజ్యమేలెను. ఆయనకు పుత్రులు లేరు. నాటి లోకాచారమును బట్టి జ్ఞాతులలో నొకనిని వారసునిగా చేయవచ్చును. ఆయన అట్లు చేయక కుమార్తె రుద్రమదేవిని పాలనలో తనతోపాటు నిలిపెను. 1263 ప్రాంతమున ముత్తుకూరు యుద్ధములో పాండ్యులచే ఓటమి కలిగిన పిదప రాజ్యభారము నుండి తప్పుకొనెను.

విడుచుట యెల్ల త్యాగము కాదు. 1936లో ఆంగ్లప్రభువు ఎనిమిదవ ఎడ్వర్డు తాను కోరిన వివాహము కొరకు కిరీటమును విడిచెను. దానిని ఎన్నడును ఆశింపని తమ్ముడు ఆరవ జార్జి, తగిన శిక్షణ లేకయే ఆ భారమును మోయవలసి వచ్చెను. గణపతిదేవుడు భారమును పడవేయలేదు. ముందు నేర్పెను, పిమ్మట అప్పగించెను.

అయినను లోకము రుద్రమను రుద్రమగా అంగీకరించెనా? పెక్కు శాసనములలో ఆమె రుద్రదేవ మహారాజను పురుషనామముతోనే కనబడును. అర్హత ఆమెది, పేరు మాత్రము పురుషునిది కావలసి వచ్చెను. ఈ లోపము ఆమెది కాదు, సమాజముది.

అంతకు శతాబ్దము ముందే బసవేశ్వరుడు ఈ లోపమును ఖండించెను. అక్క నాగమ్మకు లేని ఉపనయనము తనకేలయని బాల్యముననే ప్రశ్నించెనని సంప్రదాయము. ఆయన మార్గమున ఇష్టలింగ ధారణకు స్త్రీపురుష భేదము లేదు. అనుభవ మంటపమున అక్కమహాదేవి పురుషవేషముతో గాక తన పేరుతోనే మాటాడెను.

కాకతీయుల గురువులు గోళకీమఠ శైవులు; వీరశైవులు కారు. అయినను రుద్రమదేవి ఏలుబడిలో దాసోహ భావము గోచరించును. 1261 నాటి మల్కాపురం శాసనము వలన దేవుని పూజకే గాక విద్యార్థులకు, అన్నసత్రమునకు, ప్రసూతిశాలకు కూడ గ్రామముల ఆదాయము పంచబడినట్లు తెలియుచున్నది. రాజ్యము ఆమెకు భోగము కాదు, కాయకము.

నిడమనూరు గల నల్లగొండ జిల్లాలోనే, నకిరేకల్ సమీపమున చందుపట్ల యను గ్రామము కలదు. అచ్చటి 1289 నాటి శాసనము రుద్రమదేవియు, సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమును పొందిరని తెలుపుచున్నది. వారి పుణ్యము కొరకు సోమనాథదేవునకు భూమిని సమర్పించినవాడు రాజు కాదు. పువ్వుల ముమ్మడి యను సేవకుడు. పాలకుల అర్హతకు ఇంతకు మించిన సాక్ష్యము వేరొకటి యేల?

నేడు రాజులు లేరు. కాని ప్రతి గృహమునను, ప్రతి మఠమునను అప్పగింత కలదు. ఆస్తి, ఆచారము, పెత్తనము ఒకరి నుండి వేరొకరికి పోక తప్పదు. కుమార్తెకు లింగమునిచ్చి ఇంటి నిర్ణయములలో నోరు మెదపనీయని తండ్రి దీక్షనిచ్చినవాడా? శక్తియున్నపుడే తగినవారికి నేర్పి, వారి పేరుతోనే వారిని నిలిపి, తాను తొలగుట పెద్దల ధర్మము. అందుకొన్నదానిని సొత్తుగా గాక సేవగా నెంచుట పిన్నల ధర్మము. ఈ రెండును నెరవేరిన చోట పీఠము శూన్యము కాదు.