లేబుల్ మీద అంకె

చిల్కానగర్‌లో మేం అద్దెకున్న ఇంటి ముందు గదిలో ఒక పాత ఆఫీస్ డెస్క్‌టాప్ ఉండేది. 2018లో సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఏదో ఆఫీసు ఒకేసారి వదిలించుకున్న లాట్‌లోది, క్యాబినెట్ మీద వాళ్ల స్టిక్కర్ కూడా అలాగే ఉంది. లోపల ఇంటెల్ క్యూ6600 ప్రాసెసర్. 2007లో వచ్చిన చిప్, నాలుగు కోర్లు, 2.4 గిగాహెర్ట్జ్. పగలంతా అక్క దాని మీద ఉప్పల్, నాచారం వైపు చిన్న షాపుల అకౌంట్లు రాసేది. రాత్రి నా గేములు.

ఆఫీసుల కోసం చేసే మెషీన్ల బయోస్‌లో సాధారణంగా స్పీడు పెంచుకునే ఆప్షన్ ఉండదు. అయితే ఆ తరం ప్రాసెసర్లకి ఒక చిట్కా ఉంది. చిప్ అడుగున ఉండే కాంటాక్టుల్లో ఒకదాన్ని చిన్న టేపు ముక్కతో మూసేస్తే, మదర్‌బోర్డు దాన్ని 266 మెగాహెర్ట్జ్ బస్‌కి బదులు 333 మీద నడిచే చిప్ అనుకుంటుంది. దాన్ని తొమ్మిదితో గుణిస్తే 3.0 గిగాహెర్ట్జ్. బియ్యపు గింజంత కూడా లేని టేపుతో పావు వంతు వేగం పెరుగుతుంది. పెరిగింది కూడా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఎందుకనిపించాలి? లేబుల్ మీద అంకె చాలాసార్లు అమ్మేవాడి నిర్ణయమే కదా. 1991లో ఇంటెల్ 486ఎస్ఎక్స్ అని అమ్మిన తొలి చిప్‌లలో లెక్కలు చేసే భాగం ఉంది, కాకపోతే దాన్ని పనిచేయకుండా ఆపేశారు. 2010లో అయితే పెంటియం జీ6951 కొన్నవాళ్లకి, అదే చిప్‌లో దాచిపెట్టిన సామర్థ్యాన్ని తెరుచుకోవడానికి 50 డాలర్ల కార్డు అమ్మారు. మనం కొన్న వస్తువుకి ఇంకొకరు తాళం వేసి, తాళంచెవికి మళ్లీ డబ్బులడగడం ఏం న్యాయం? ఈ మాట ఇప్పటికీ అంటాను.

కానీ మనకి అందకుండా ఉన్నదంతా తాళమే కాదు. కొంత జాగ్రత్త కూడా. 2.4 అంటే ఒక హామీ: ఎండాకాలంలోనూ, ఫ్యానుకి దుమ్ము పట్టినా, పవర్ సప్లై పాతబడినా, తప్పు లేకుండా ఇంత పని చేస్తానని. స్పీడు పెంచితే వేడి కూడా పెరుగుతుంది. చిక్కేంటంటే, బయటినుంచి చూస్తే తాళమూ జాగ్రత్తా ఒకేలా కనిపిస్తాయి. రెండూ ‘వాడుకోకుండా వదిలేసిన శక్తి’ లాగే ఉంటాయి.

నేను రాత్రి పదకొండింటికి గంటసేపు టెస్ట్ నడిపి, ఓకే అనుకున్నాను. అక్క ఆ మెషీన్ వాడేది మధ్యాహ్నం రెండింటికి, రేకుల కప్పు కింద.

మే నెలలో ఒకరోజు ఆమె పనిలో ఉండగా మెషీన్ దానంతటదే ఆగి మళ్లీ ఆన్ అయింది. ఫైలు పాడైంది. రెండు రోజుల కిందటి బ్యాకప్ పెట్టుకుని, పోయిన బిల్లులన్నీ మళ్లీ ఎక్కించింది. తెల్లారి మళ్లీ ఆగింది. ఏవి ఎక్కాయో ఏవి ఎక్కలేదో తెలియని గందరగోళంలో మొత్తాలు కలవలేదు. 20వ తారీఖు లోపు జీఎస్టీ రిటర్న్ వేయాలి. రాత్రి ఒంటిగంటకి బిల్లుల కట్ట ముందేసుకుని, స్కేలు పెట్టి ఒక్కో వరుసా చూస్తూ అంది: “నేనే తప్పు కొట్టిన్నేమోరా. ఈ మధ్య కండ్లు సరిగ కనిపిస్తలేవు.”

పక్కనే ఉన్నాను. ఏమీ అనలేదు.

మెషీన్ మీద ఆమెకి అనుమానం రాలేదు. రోజూ పనిచేసే వస్తువుని ఎవరు అనుమానిస్తారు? తనని తను అనుమానించుకుంది. ఇన్నేళ్లలో నన్ను వదలనిది ఇదే. పోయిన ఫైలు మళ్లీ రాసుకోవచ్చు. కానీ నేను తీసుకున్న రిస్కు ఆమె ఖాతాలో తప్పుగా పడింది. ఆ రెండు రాత్రులు నేను దాన్ని అక్కడే ఉండనిచ్చాను.

చిప్‌కి బాధ ఉండదు, దాని అనుమతి అడగక్కర్లేదు. వస్తువు నాది, నా ఇష్టం అనే వాదన కూడా సరైనదే, దాని మీద ఆనుకుని ఇంకెవరూ లేనంత వరకు. ఒకరు ఆనుకున్నాక ఆ మిగులు నా ఒక్కడిదే కాదు, అందులో వాళ్ల నమ్మకం కూడా ఉంది. దాన్ని ఖర్చు పెట్టేముందు అడగాలి. అడిగితే వద్దంటారేమోనన్న భయంతోనే కదా మనం అడగం.

మూడో రోజు చెప్పేశాను. టేపు తీసేశాను. ఆ ఎండాకాలం మెషీన్ మళ్లీ ఆగలేదు. అక్క తిట్టలేదు. స్పీడు ఎందుకు పెంచావని కూడా అడగలేదు.

“మొన్న రాత్రి నేను కండ్లు కనిపిస్తలేవన్నప్పుడు, నువ్వు ఇక్కడనే ఉన్నవ్ గదా?” అంది.

ఉన్నాను.