పిల్లల నడకకు తగినట్టు

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 33:12–17, హోషేయ 11:1–4, 1 సమూయేలు 2:18–20



యాకోబు ఏశావులు 20 సంవత్సరములు ఎడబాసియుండి, మరల కలిసికొని, మెడమీద పడి ఏడ్చిన సంగతి మనమందరము ఎరిగినదే. ఆదివారపు బడి పిల్లలు కూడ ఆ కథ చెప్పగలరు. అయితే ఆ కన్నీళ్లు ఆరిన వెంటనే అన్నదమ్ములిద్దరి మధ్య జరిగిన చిన్న సంభాషణను మనము గబగబ చదివి దాటిపోవుచుందుము. ఏశావు వెంట 400 మంది మనుష్యులున్నారు. కలిసి వెళ్లుదము రమ్మని, తాను ముందు నడతునని అతడు తమ్ముని పిలిచెను. యాకోబు మర్యాదగా ఒప్పుకొనలేదు. తన పిల్లలు లేతవారనియు, పాలిచ్చు గొఱ్ఱెలు పశువులు తన వెంట నున్నవనియు, ఒక్క దినము వాటిని వడిగా తోలినయెడల మంద అంతయు నశించుననియు చెప్పి, మందల నడకను బట్టి, పిల్లల నడకను బట్టి, తాను మెల్లగా వచ్చెదననెను.

ఈ మాట పలికినవాడెవరో జ్ఞాపకము చేసికొందము. పుట్టినప్పుడే అన్న మడిమె పట్టుకొన్నవాడు. జ్యేష్ఠత్వమునకు ముందు, ఆశీర్వాదమునకు ముందు, మందలకు ముందు. ఎక్కడ చూచినను ముందుండవలెనని పరుగెత్తినవాడు. అట్టివాడు ఇప్పుడు అన్నను ముందు పొమ్మని, తాను పసివారితో వెనుక నడచుటకు ఇష్టపడుచున్నాడు. ఎందుచేత? ముందటి రాత్రియే యబ్బోకు రేవునొద్ద దేవునితో పెనుగులాడి, తొడగూడు వసిలి, కుంటుచున్నాడు. తాను కుంటినప్పుడు గదా పసివారి నడక యెంత చిన్నదో మనుష్యునికి తెలియును!

ఈ నెల మన ఇండ్లలోని పసిబిడ్డలను గూర్చియు, వారిని వెంటబెట్టుకొని మనము చేయు సెలవు ప్రయాణములను గూర్చియు ఈ వాక్యపు వెలుగులో ధ్యానించుదము.

మొదటిది, దారి.

వేసవి సెలవులు వచ్చినను, క్రిస్మసు వచ్చినను, మన కృష్ణా దిగువ పల్లెలవారికి బందరు ప్రయాణము ఒక ఆనవాయితీ. గుడివాడలో రైలెక్కి, గుడ్లవల్లేరు, కవుతరము, పెడన దాటి బందరులో దిగుదురు. చుట్టములను చూచి, నోబుల్ కాలేజీ మీదుగా పోవుచు, 1841లో నోబుల్, ఫాక్సు అను ఇద్దరు మిషనెరీలు ఆ ఊరికి వచ్చిరనియు, 1843లో ఆ బడి మొదలైనదనియు పెద్ద పిల్లలకు చెప్పుదురు. ఆ తరువాత మంగినపూడి సముద్రము, తిరుగు దారిలో బందరు లడ్డు. దివిసీమవారైతే పులిగడ్డ దగ్గర నదిమీదుగా కాలువ నీరు సాగిపోవు వింతను చూచి, అవనిగడ్డ, కోడూరు మీదుగా కృష్ణమ్మ సముద్రమున కలియు హంసలదీవి వరకు పోవుదురు.

ఇవన్నియు మంచివే. కాని చంకలో ఏడాదిన్నర బిడ్డ యున్నప్పుడు ఆ ప్రయాణము ఎవరి నడకను బట్టి సాగుచున్నదని అడుగవలెను. పెద్దవారికి సముద్రము కావలెను. బిడ్డకు పెడన స్టేషనులో గడ్డి మేయు మేకపిల్ల చాలును. మనము దిగి పరుగెత్తవలెనందుము. వాడు ప్లాట్‌ఫారము మీద చీమల బారు దగ్గర కూర్చుండును. అప్పుడు మనము చేయి పట్టి ఈడ్చుదుము, లేక ఏడ్పు మాన్పుటకు చేతిలో ఫోను పెట్టుదుము. ఎదుట అంత సముద్రము ఘోషించుచుండగా బిడ్డ కన్నులు అరచేతిలోని బొమ్మమీద నుండును! రెండేండ్లు నిండని పసివారికి తెరమీది బొమ్మలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. మందను ఒక్క దినము వడిగా తోలిన నష్టము యాకోబు ఎరిగియుండెను. ఆకలి, నిద్ర, ఎండ లెక్కచేయక బిడ్డను తిప్పిన ప్రయాణము జ్వరముతోను, ఆలుమగల తగవుతోను ముగియుట మనమును ఎరుగుదుము. రెండు చోట్లు చూడుడి, నాలుగు వద్దు. మూడవ చోటు వచ్చే యేడు చూడవచ్చును.

ఇంకొక మాట. యోసేపు మరియలు ఏటేట పస్కా పండుగకు యెరూషలేమునకు కుటుంబముగా వెళ్లుచుండిరి. యేసునకు 12 ఏండ్లప్పుడు ఆ తిరుగు ప్రయాణములో, బాలుడు బంధువుల గుంపులో ఉన్నాడనుకొని ఒక దినపు ప్రయాణము సాగిపోయిరి. అంత భక్తిగల తలిదండ్రులకే అట్లు జరిగెను. పదిమంది కలిసి వెళ్లినచోట బిడ్డను అందరు చూచుచున్నారనుకొందుము. అందరి చేతిలోనున్న బిడ్డ ఎవరి చేతిలోను లేనివాడే. మనది కాలువల దేశము. తొలకరికి కాలువలకు నీరు వదలిన దినము పెద్దలకు పండుగ. పాకుచు గడప దాటు బిడ్డకు అదే గండము. పారు కాలువ అక్కరలేదు, పెరటిలోని నీళ్ల బాల్చీ చాలును. కాబట్టి సముద్రపు ఒడ్డునను, కాలువ గట్టునను, పెండ్లి పందిరిలోను, ఈ గంట బిడ్డ ఎవరి వంతో పేరు పెట్టి చెప్పుకొనుడి. అట్టి కావలి కూడ ప్రార్థనలో భాగమే.

రెండవది, అడుగు.

హోషేయ గ్రంథములో దేవుడు ఎఫ్రాయిమును గూర్చి మాటలాడుచు, వానికి నడక నేర్పినది తానేయని, చేతులతో ఎత్తుకొన్నది తానేయని, తానే బాగుచేసితినన్న సంగతి వారికి తెలియకపోయెనని చెప్పుచున్నాడు. ఆయన వంగి వారికి భోజనము పెట్టెనట. లోకములోని రాజులు తమ్మును సింహాసనము మీద చూపుకొందురు. మన దేవుడు బిడ్డకు నడక నేర్పుటకు నడుము వంచినవానిగా తన్ను చూపుకొనెను.

మేమెరిగిన ఒక కుటుంబమున్నది. తండ్రి గల్ఫు దేశమునకు కూలికి పోయినప్పుడు బిడ్డ కడుపులో నున్నది. ఏడాదిన్నర తరువాత క్రిస్మసునకు ఇంటికి వచ్చెను. పాప తండ్రిని చూచి కెవ్వున ఏడ్చి నానమ్మ కొంగులో దూరినది. కొన్ని వేల మైళ్లు వచ్చిన తండ్రికి ఆ ఆరడుగులు దాటుట కష్టమాయెను. తెచ్చిన బొమ్మలు చూపెను, రాలేదు. కోపపడెను, రాలేదు. అప్పుడు వాని తల్లి, "ఒరే అయ్యా, నువ్వంత ఎత్తున నిలబడితే అది నిన్నెట్లా చూస్తుందిరా? కింద కూర్చో" అన్నది. అతడు అరుగు మీద చతికిలబడి మాటలాడక కూర్చుండెను. మొదటి దినము పాప దూరమునుండి చూచినది. రెండవ దినము అతని చెప్పు ముట్టుకొని పారిపోయినది. మూడవ దినము రెండడుగులు వేసి, తూలి, అతని మోకాళ్లమీద పడినది. దేవుడు వంగెనన్న మాటకు ఇంతకంటె వివరణ మాకు తెలియదు. తానే మనుష్యుడై, మన ఎత్తునకు దిగి, మనము వచ్చువరకు కూర్చున్నవాడు మన ప్రభువు.

ఇక్కడ తల్లులతో ఒక మాట చెప్పవలెను. "పక్కింటి పిల్ల పదో నెలకే నడిచింది, మీవాడింకా పాకుతున్నాడేం?" అను మాట మన వీధులలో ఎందరి తల్లుల నిద్ర చెరపుచున్నదో! ప్రపంచ ఆరోగ్య సంస్థవారు మన దేశముతో కలిపి 5 దేశముల బిడ్డలను చూచి 2006లో ప్రకటించిన దాని ప్రకారము, ఆరోగ్యముగల బిడ్డలు తమంతట తాము నడచుట 8 నెలలు దాటినది మొదలు 17 నెలలు దాటువరకు ఎప్పుడైనను జరుగవచ్చును. కొందరు చేతులు మోకాళ్లమీద పాకకయే నడకకు వచ్చుదురు. ఆలస్యమంతయు జబ్బు కాదు. త్వరగా నడచుట తల్లి గొప్పయు కాదు.

అయితే 18 నెలలు నిండినను అడుగు వేయని బిడ్డను, పిలిచిన పలుకని బిడ్డను ఇంటిలో దాచవద్దు. అంగన్‌వాడీ కార్యకర్తకు చెప్పుడి, ఆసుపత్రికి తీసికొని పొండు. 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద ఇట్టి బిడ్డలను ఉచితముగా పరీక్షించుచున్నారు. బాగుచేయు దేవుడు వైద్యుని చేతులతో కూడ ఎత్తుకొనును. మరియు, "ఏ పాపము చేసెనో" అని ఆ తల్లిని గూర్చి నూతి దగ్గర గుసగుసలాడువారు యోహాను సువార్త 9వ అధ్యాయము చదువుకొనుడి. గ్రుడ్డివాని విషయములో శిష్యులు అదే అడిగిరి. ప్రభువు ఆ మనుష్యుని మీదను, వాని కన్నవారి మీదను ఆ నింద మోపనియ్యలేదు. ఆయన మోపని నింద మనము మోపవచ్చునా?

మూడవది, పండుగ.

ఇస్సాకు పాలు విడిచిన దినమున అబ్రాహాము గొప్ప విందు చేసెను. మన తెలుగు ఇండ్లలోను ఆ సంతోషము తెలియును. బిడ్డ బోర్లా పడినప్పుడు బొబ్బట్లు, గడప దాటినప్పుడు గారెలు, అడుగులు వేసినప్పుడు అరిసెలు. ఒక్కొక్క చిన్న పనికి ఒక్కొక్క పిండివంట పెట్టి, వీధియంతయు పంచుకొన్న మన అమ్మమ్మలు ధన్యులు. బిడ్డ చేసిన ఏ చిన్న పనియు కృతజ్ఞతకు తక్కువ కాదని వారు వంటతో చెప్పిరి.

కాని ఇప్పుడు మొదటి పుట్టినరోజు అప్పుల పండుగ ఆయెను. గుడ్లు తేలవేయుచున్న తండ్రి నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించి, భోజనములు పెట్టించి, కోత వరకు వడ్డీ కట్టుచున్నాడు. బిడ్డ మాత్రము జనమును చూచి బెదరి ఏడ్చి నిద్రపోయినది! హన్నాను చూడుడి. ఆమె ఏటేట భర్తతో బలి అర్పించుటకు షిలోహునకు వెళ్లునప్పుడు సమూయేలునకు ఒక చిన్న అంగీ కుట్టి తీసికొని పోవుచుండెను. బిడ్డ దగ్గర లేడు. ఈ యేడు ఎంత పెరిగియుండునో మనసులోనే కొలిచి, నిరుటికంటె జానెడు పెంచి కుట్టవలెను. తల్లి ప్రేమకు అదియే కొలబద్ద. బిడ్డలను విడిచి దూరదేశములలో నున్న తలిదండ్రులారా, మీకు హన్నా తోడున్నది. ఇంటిలోనున్నవారు ఆ అడుగుల సంగతి, ఆ మొదటి మాట సంగతి తేదీతో వ్రాసి వారికి తెలుపుడి. గుడిలో కృతజ్ఞత కానుక వేయునప్పుడు కూడ ఫలాని బిడ్డ నడచినందుకని చెప్పి వేయుడి. సంఘమంతయు ఆమేన్ అనును.

కడపటిది, కన్నీరు.

పిల్లల నడకకు తగినట్టు నడచిన యాకోబు ప్రయాణములోనే, ఎఫ్రాతా దారిలో, బెన్యామీనును కని రాహేలు చనిపోయెను. మెల్లగా నడచినను దారిలో సమాధి తప్పలేదు. మన సీమవారికి ఈ మాట వివరింపనక్కరలేదు. 1864 నవంబరు 1న బందరు మీదికి సముద్రము లేచినప్పుడు సుమారు 30,000 మంది పోయిరి. 1977 నవంబరు 19, శనివారమున దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సర్కారు లెక్కకే దాదాపు 10,000 మంది. మేము అప్పటికి పుట్టలేదు. కాని చేతిలోని బిడ్డ చేయిజారిన తల్లులను ముసలితనములో చూచితిమి. ఇంటివారందరు హంసలదీవికి పోవుచుండగా, "మీరు పోయి రండి, నేను రాను" అని గుమ్మములోనే కూర్చుండు అవ్వలు నేటికిని ఉన్నారు. వారిని బలవంతము చేయకుడి. ధైర్యము లేదని పరిహసింపకుడి. వారి నడకయు మన నడకలో భాగమే. చిన్నారులను ఎత్తుకొని చేతులుంచి ఆశీర్వదించిన ప్రభువు, ఎవరు నడచిరి, ఎవరు నడువలేదు అని అడుగలేదు. నడక నేర్వకమునుపే పోయిన బిడ్డలును ఆ చేతులలోనే యున్నారని మనము నమ్ముచున్నాము.

కాబట్టి మీ ఇంట అడుగులకు అరిసెలు వండిన దినమున మొదటి పళ్లెము ఏ ఇంటికి పోవలెను? బిడ్డను పోగొట్టుకొన్న ఇంటికి, బిడ్డలు లేని ఇంటికి, బిడ్డ నడువలేని ఇంటికి. గుమ్మములో పెట్టి రావద్దు. లోపలికి పోయి కాసేపు కూర్చుండుడి. వారు ఏడ్చినయెడల ఏడ్వనియ్యుడి. మీ బిడ్డను ఒడిలోనికి తీసికొన్నయెడల తీసికొననియ్యుడి.

ఏశావు తన 400 మందితో ముందుగా శేయీరునకు చేరెను. యాకోబు సుక్కోతులో ఆగి, ఇల్లు కట్టుకొని, పశువులకు పాకలు వేసెను. ఎవరు ముందు చేరిరని వాక్యము లెక్కింపలేదు. దేవుని వాగ్దానము మాత్రము ఆ మెల్లగా నడచిన గుంపుతోనే నడచినది.

ప్రార్థన: మమ్మును చేతులమీద ఎత్తుకొని నడక నేర్పిన తండ్రీ, మా ఇండ్లలోని పసివారికొరకు నీకు స్తోత్రము. మా తొందర మాన్పుము. నీళ్ల దగ్గరను, దారిలోను వారిని కాపాడుటకు మాకు మెలకువ దయచేయుము. దూరమున నున్న తలిదండ్రులను బిడ్డలతో కలుపుము. ఆలస్యముగా నడచువారికిని, నడువలేనివారికిని తోడుగా నిలుచు సంఘముగా మమ్మును చేయుము. ఖాళీ ఊయెలలున్న ఇండ్లలో నీవే కూర్చుండి ఓదార్చుము. మా కుంటి నడకకు తగినట్టు మాతో నడచు యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.